మా ఇంట్లో అద్దెకున్న బాబూజీ

నా చిన్నప్పుడు మాకు రెండిళ్ళుండేవి. మేమున్న ఇల్లు మాది కాదు. మాదైన ఇంట్లో మేముండేవాళ్ళం కాదు. భిలాయి సెక్టర్లలో పెరిగిన నా ఈడువాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను.

మా నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. పెళ్ళికి ముందే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, అందులో ఉక్కు సాగదీసే మిల్లులో చేరాడు. మాకు సెక్టర్ ఆరులో కంపెనీ క్వార్టరు ఉండేది. రెండు గదులు, వెనక జామచెట్టు, ముందు వరండాలో నాన్న సైకిలు. నీళ్ళు కంపెనీవి, కరెంటు కంపెనీది, గోడలకి సున్నం కూడా కంపెనీయే వేయించేది. కొళాయి పాడైతే కబురు చేస్తే మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళేవాడు. ఉద్యోగం ఉన్నంతకాలం అది మన ఇల్లే అనిపించేది. ఉద్యోగం అయిపోయాక తాళం అప్పజెప్పి బయటికి నడవాలి. అందుకే సెక్టర్లలో ప్రతి తండ్రీ వయసు మళ్ళేసరికి టౌన్‌షిప్పు అవతల ఇంత స్థలం కోసం వెతుక్కునేవాడు.

మా నాన్న అందరికన్నా ముందే ఆ పనిలో పడ్డాడు. టౌన్‌షిప్పు దాటాక, అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న ఒక కాలనీలో మూడు గదుల ఇల్లు కట్టించాడు. ఫస్టు షిఫ్టు దిగి, ఇంత అన్నం తిని, సైకిలెక్కి అక్కడికి వెళ్ళి గోడలకి తనే నీళ్ళు కొట్టేవాడు. ఆదివారాలు మమ్మల్నీ తీసుకెళ్ళేవాడు. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఇసక కుప్ప మీద కూర్చుని పునాదుల వంక చూస్తూ, ఏ గది ఎవరిదో పంచేస్తూ ఉండేది. తూర్పు గది తనకే కావాలనేది. పొద్దుటి ఎండ తన మోకాళ్ళకి మంచిదట.

ఇల్లు పూర్తయింది కాని నాన్న రిటైరవడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి. ఖాళీగా ఉంచితే తలుపులూ వైర్లూ కూడా ఎత్తుకుపోతారని అందరూ భయపెట్టారు. మా వంశంలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఏం అడగాలో, ఏం అడక్కూడదో నాన్నకి తెలియదు. ఇళ్ళు కుదిర్చిపెట్టే దలాల్ ఒకడు ఒక కుటుంబాన్ని తీసుకొచ్చాడు. కాగితం రాసుకుందామా అని నాన్న నసిగితే, మనుషుల మధ్య కాగితాలెందుకు భాయీసాబ్ అని దలాలే నవ్వేశాడు. "మాకు కావలసినప్పుడు ఖాళీ చెయ్యాలి" అని నాన్న నోటితో చెప్పాడు. "జీ, బిల్కుల్" అన్నాడు వచ్చినాయన, తప్పకుండా అన్నట్టు తలూపి. అంతటితో తాళంచెవి చేతులు మారింది.

వాళ్ళు బీహారు వైపు వాళ్ళు. ఆయన లారీ నడిపేవాడు, సగం రోజులు రోడ్ల మీదే. ఇంట్లో ఉండేది ఆయన భార్య, ఆయన తండ్రి. ఆమెని నేను దీదీ అనేదాన్ని. పెద్దాయన్ని ఆ వీధిలో అందరూ బాబూజీ అనేవారు. తెల్లటి మీసం, నిటారుగా నడిచే మనిషి. మా ప్రహరీ మీదికి నేతిబీర తీగ పాకించాడు. మేము వెళ్ళినప్పుడల్లా మా గోడ మీద కాసిన కాయల్నే సంచిలో వేసి మాకు కానుకగా ఇచ్చేవాడు. మామ్మకి హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ గుమ్మం ముందు అరుగు మీద చెరో చివర కూర్చుని, ఎవరి భాషలో వాళ్ళు, వానల గురించో మోకాళ్ళ గురించో మాట్లాడుకునేవారు. నేను మధ్యలో దూరి అర్థం చెప్పబోతే "నువ్వాగే, నాకు తెలస్తంది" అనేది మామ్మ.

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. అప్పుడు నాన్నకి షుగరు వల్ల చూపు మందగించింది. మిల్లులో కదిలే యంత్రాల మధ్య పని. కళ్ళు సరిగా కనపడని మనిషిని అక్కడ ఉంచడం ప్రమాదమని డాక్టర్లు తేల్చేశారు. ఇంకా కొన్నేళ్ళు చేయాల్సిన ఉద్యోగం ఆగిపోయింది. క్వార్టరు ఖాళీ చేయడానికి కొంత గడువిచ్చారు. సొంత ఇల్లుంది కదా అని నాన్న పెద్దగా కంగారు పడలేదు. సైకిలు తొక్కలేక రిక్షా ఎక్కి, కాలనీకి వెళ్ళి, ఇల్లు కావాలని చెప్పాడు.

అప్పటికి బాబూజీకి పక్షవాతం వచ్చి నెల దాటింది. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట లేదు. మనసు మాత్రం తెలివిగానే ఉందని, చెప్పినవన్నీ అర్థమవుతున్నాయని దీదీ అంది. ఇల్లు వెతుకుతామని కూడా అంది. నాన్న సరేనని వచ్చేశాడు. మళ్ళీ నెల వెళ్ళాడు. వెతుకుతున్నామంది. ఆపై నెల వాళ్ళాయన ఎదురుపడ్డాడు. ఆయనా చేతులు జోడించి అదే మాట చెప్పాడు. వాళ్ళు ఎదిరించలేదు, మేం పొమ్మని గట్టిగా అరిస్తే తిరిగి అరవలేదు. అరిచి ఉంటే నాన్నకి ఆ కోపమైనా ఆసరాగా ఉండేది.

ఒక వకీలు దగ్గరికి వెళ్ళాడు. కాగితం ఏదని అడిగాడాయన. లేదన్నాడు నాన్న. కేసు వేయొచ్చు, ఎప్పటికి తేలుతుందో మాత్రం నన్నడక్కండి అన్నాడు వకీలు. ఇంటికొచ్చి నాన్న వరండాలో సైకిలు పక్కన కూర్చుండిపోయాడు. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న ఇంటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి రానివ్వమని ఎవరినో బతిమాలుకోవలసి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

కొన్నాళ్ళకి మేమే ఎక్కడైనా అద్దెకి దిగుదామని అమ్మ అంది. ఒక సాయంత్రం మామ్మనీ నన్నూ వెంటబెట్టుకుని నాన్న సెక్టర్ ఏడుకి అవతల ఒక ఇల్లు చూడటానికి వెళ్ళాడు. ఇంటాయన మంచివాడిలాగే ఉన్నాడు. గదులు చూపించాడు, నీళ్ళెప్పుడొస్తాయో చెప్పాడు, నాకు బిస్కెట్లు కూడా ఇచ్చాడు. చివర్లో, మెట్లెక్కి ఆయాసపడుతున్న మామ్మ వైపు తిరిగి, మాతాజీ ఆరోగ్యం ఎలా ఉంటుందని అడిగాడు. నాన్న పెద్దవయసు కదా అన్నాడు. ఆయన చేతులు నలుపుకుంటూ, కొత్త ఇల్లండీ, గృహప్రవేశమై ఏడాదైనా కాలేదు, మా ఆవిడకి పట్టింపులెక్కువ, రేపు ఏదైనా జరిగితే అని ఆగిపోయాడు.

దారిలో మామ్మ నన్ను అడిగింది. "ఏటన్నాడే ఆయన?"

"వేరేవాళ్ళు ముందే అడిగారట, మామ్మా."

మామ్మ నా చెయ్యి పట్టుకుని కొంతదూరం నడిచింది. "నన్ను సూసే కదేటి" అంది. నాన్న వినపడనట్టు ముందుకి నడిచాడు. ఆయన మెడ వంగిపోయి ఉండటం వెనకనుంచి నాకు కనిపించింది.

గడువు దగ్గర పడింది. మే నెల వచ్చింది. ఆ ఎండలు తెలిసినవాళ్ళకి తెలుసు. పదింటికే వీధులు ఖాళీ. లూ అనే వడగాలికి తలకి తువ్వాలు చుట్టుకోకుండా బయటికి వస్తే ముఖం మాడిపోయేది. ఇంట్లో సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి, ఎక్కడికి మోయాలో తెలియదు. ఆ పరిస్థితుల్లో దలాల్ మళ్ళీ వచ్చాడు. మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, చాలా మామూలుగా, మీటరు దగ్గర ఫ్యూజు పీకెయ్యమన్నాడు. మే నెలలో ఫ్యాను లేకుండా ఎన్నాళ్ళుంటారు, కోర్టూ వద్దు పోలీసూ వద్దు, వాళ్ళే వెళ్ళిపోతారు అన్నాడు. కొత్తగా అద్దెకిచ్చినవాళ్ళు చాలామంది చివరికి చేసేదిదేనట.

అమ్మ వంటగదిలోంచి వచ్చింది. "ఆ పని చెయ్యకండి. ఇంట్లో మంచంమీద మనిషున్నాడు."

"అయితే అమ్మనీ పిల్లనీ పట్టుకుని రోడ్డు మీద కూర్చుందామా? చెప్పు, నువ్వే చెప్పు" అన్నాడు నాన్న. ఆయన గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువుంది.

అప్పుడు మామ్మ లేచింది. "నాను ఒకపాలి మాటాడతాను. పెద్దదాన్ని, నా మాట ఇంటారేమో. ఇనకపోతే నీ ఇట్టం."

"నీకు భాష రాదు కదే అమ్మా."

"గుంట ఉన్నాది కదా" అని నన్ను చూపించింది.

ముగ్గురం మధ్యాహ్నం రిక్షాలో వెళ్ళాం. నాన్న లోపలికి రానన్నాడు. మీటరు ఇంటి బయట, కిటికీకి పక్కన గోడకి ఉండేది. నాన్న తువ్వాలు తలకి చుట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఒక తేదీ ఖాయంగా చెప్పించుకుని రమ్మని నాకు గట్టిగా చెప్పి పంపాడు.

బాబూజీ మంచం తూర్పు గదిలో వేశారు. గోడలకి తడి గోనెపట్టాలు వేలాడుతున్నాయి. మంచం పక్కన స్టూలు మీద చిన్న టేబుల్ ఫ్యాను ఆయన ముఖం మీదికి తిరుగుతోంది. ఆ మీసం అలాగే ఉంది, దానికింద నోరు ఒక పక్కకి జారింది. మామ్మని చూడగానే ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది. మామ్మ కూడా నమస్కారం పెట్టింది. దీదీ మాకు కుర్చీ వేసి, కుండలోంచి నీళ్ళు తెచ్చింది.

"ఈ నెలాకరికి మాకు ఇల్లు కావాలని సెప్పు. మాకు తల దాసుకోడానికి సోటు నేదని సెప్పు" అంది మామ్మ.

నేను చెప్పాను. పదేళ్ళ పిల్లని, పెద్దవాళ్ళ గొంతు పెట్టుకుని చెప్పాను. దీదీ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా మాట్లాడింది. ఎక్కడికి వెళ్ళినా మొదట గది చూపిస్తారట. అద్దె కూడా కుదురుతుందట. ఆ తరవాత ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతారట. బాబూజీ సంగతి చెప్పగానే, మా ఇంట్లో వద్దమ్మా, రేపు ఆయన పోతే ఆ గదిలో ఇంకెవరుంటారు అంటారట. ఒకచోట చెప్పకుండా దిగిపోదామని చూస్తే, రిక్షాలోంచి ఆయన్ని దింపుతుండగానే గేటు వేసేశారట. ఇదంతా ఆయనకి వినపడకూడదని గుసగుసగా చెప్పింది. ఆయన కళ్ళు మా మీదే ఉన్నాయి.

నేను మామ్మకి తెలుగులో చెప్పాను. మామ్మ నా వంక చూసింది. "మళ్ళీ సెప్పు" అంది. గేటు వేసేసిన సంగతి మళ్ళీ చెప్పాను.

"అయినా ప్రయత్నం చేస్తూనే ఉన్నాం మాతాజీ, చేస్తూనే ఉన్నాం" అని దీదీ కాస్త గట్టిగా అంది. నాన్న నెలల తరబడి విని విసిగిపోయిన మాట అదే. కిటికీ అవతల ఆయనకి వినపడినట్టుంది. టక్కుమని చిన్న చప్పుడైంది. టేబుల్ ఫ్యాను రెక్కలు నెమ్మదించి, కనిపించేటంత నెమ్మదించి, ఆగిపోయాయి.

ఆ గదిలో గాలి అలాగే నిలబడిపోయింది. గోనెపట్టాల తడి వాసన ఒక్కసారి ముఖానికి కొట్టింది. బాబూజీ ఎడమ చెయ్యి ఫ్యాను వైపు కొంచెం లేచి దుప్పటి మీద పడిపోయింది. దీదీ మాత్రం సిగ్గుపడిపోతూ మా వైపు తిరిగింది. "బిజ్లీ చలీ గయీ, మాతాజీ. మాఫ్ కీజియే." కరెంటు పోయింది, ఈ కాలనీలో ఎప్పుడూ ఇంతే, ఇంత ఎండలో మీరొచ్చినప్పుడే పోవాలా, ఏమీ అనుకోకండి అంది. ఇంట్లోంచి పొమ్మనడానికి వచ్చినవాళ్ళకి, ఉక్కపోస్తున్నందుకు ఆమె క్షమాపణ చెబుతోంది.

కిటికీలోంచి నాన్న తువ్వాలు అంచు నాకు కనపడుతోంది.

"ఏటంతంది?" అంది మామ్మ.

"కరెంటు పోయిందట. మనకి ఉక్కగా ఉందని, ఏమీ అనుకోవద్దంటోంది."

మామ్మ కిటికీ వైపు ఒకసారి చూసింది. తరవాత దీదీ చేతిలో ఉన్న తాటాకు విసనకర్ర తీసుకుంది. కుర్చీలోంచి లేచి మంచం పట్టె మీద కూర్చుంది. బాబూజీకి విసరడం మొదలుపెట్టింది. దీదీ వద్దు వద్దంటూ లాక్కోబోయింది. మామ్మ ఇవ్వలేదు.

విసనకర్ర చప్పుడొక్కటే. మామ్మకి ఆయాసం జబ్బు, కొంచెం సేపు పప్పు రుబ్బితేనే ఎగశ్వాస వచ్చేది. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుని విసురుతూనే ఉంది. ఆమె మెడ మీంచి చెమట రవికలోకి కారుతోంది. వెళదామా మామ్మా అని నేను నెమ్మదిగా అడిగితే, గమ్మునుండమని కళ్ళతోనే చెప్పింది.

బయట నాన్న ఎండలో చూసి చూసి, "అమ్మా, రా" అని పిలిచాడు. కాసేపటికి మళ్ళీ పిలిచాడు. ఆమె తల తిప్పకుండానే, వీధిలోకి వినపడేలా అంది. "గాలి వచ్చినాక వత్తాను."

నాన్న గుమ్మంలోకి వచ్చాడు. ఎండలోంచి వచ్చిన ఆ మసక కళ్ళకి గది వెంటనే కనపడి ఉండదు. కొంచెం సేపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తల్లి ఎగరొప్పుతోంది, చెయ్యి ఆపడం లేదు. ఆ పెద్దాయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. నాన్న వెనక్కి తిరిగాడు. మళ్ళీ టక్కుమంది. ఫ్యాను తిరిగింది.

"ఆ గయీ!" అని దీదీ పిల్లలా నవ్వింది. కరెంటు ఎలా పోయిందో, ఎలా వచ్చిందో ఆమెకి ఏనాటికీ తెలియలేదని నా నమ్మకం. బాబూజీకి తెలుసు. ఆయన మంచానికి కిటికీ ఎదురుగానే ఉంది.

మామ్మ విసనకర్ర కింద పెట్టి, ఊపిరి కూడదీసుకుంది. "సూడే గుంటా, జాగరతగా సెప్పు. ఆయనకి బాగయ్యేదాకో, ఆయన ఎల్లిపోయేదాకో, ఇక్కడే ఉండమను. ఈ గదిలో పోతే మాకేటీ అవదని సెప్పు."

నాకు హిందీ బాగానే వచ్చు. కాని చనిపోవడానికి నాకు తెలిసిన మాట ఒక్కటే. ఆయన వింటుండగా అది నా నోట రాలేదు. చాలాసేపు వెతుక్కుని, "బాబూజీ యహీఁ రహేంగే" అన్నాను. బాబూజీ ఇక్కడే ఉంటారు. అంతకన్నా చెప్పలేకపోయాను. దీదీ నా వంకా మామ్మ వంకా చూసి, అర్థం చేసుకుని, నేల మీద కూర్చుండిపోయింది. బాబూజీ ఎడమ కంటి నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. మామ్మ తన కొంగుతో తుడిచింది.

తిరుగు దారిలో నాన్న అడిగాడు. "మాటిచ్చేశావు. మనం ఎక్కడుండాలమ్మా?"

"నాకు తెల్దురా" అంది మామ్మ. నిజంగానే ఆమెకి తెలియదు.

ఈ కథ ఇక్కడ ఆపేస్తే ముచ్చటగా ఉంటుంది. కాని జరిగింది అది కాదు. మేము క్వార్టరు తాళం అప్పజెప్పి, మేకలు పెంచుకునే ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె దగ్గర ఒక పెంకుటి గదిలో దిగాం. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే, మేకల వాసన పడుతుందా అని. నలుగురం ఒకే గదిలో. సామాన్లలో సగం బంధువుల ఇళ్ళలో పెట్టాం. వానాకాలం వచ్చేసరికి పైకప్పు మూడు చోట్ల కారేది. అమ్మ గిన్నెలు పెట్టేది, గిన్నెలు నిండేవి. పనీపాటా లేక, చూపు లేక, నాన్న గోడకి ఆనుకుని కూర్చుని రోజులు గడిపేవాడు. మామ్మ మీద ఆయన విసుక్కోలేదు. కాని ఆమెతో మాట్లాడటం బాగా తగ్గించేశాడు.

నెలలు గడుస్తున్నాయి. బాబూజీ అలాగే ఉన్నాడు. బాగవలేదు, పోలేదు. అప్పుడప్పుడు నేనూ మామ్మా చూసి వచ్చేవాళ్ళం. ఒకసారి వాన జోరుగా పడుతుంటే, గది మూలకి ఒదిగి కూర్చున్న మామ్మ, "ఆయన ఎలగున్నాడో" అంది. అని, తన మాట తనకే వినపడినట్టు ఉలిక్కిపడింది. నన్ను దగ్గరికి లాక్కుంది. "నానెందుకడిగినానో ఆ దేవుడికి తెలస్తది. మాటిచ్చినప్పుడు ఇంత కట్టమని తెల్దే" అంది. ఆమె ఏడవటం నేను చూసింది అదొక్కసారే. మంచి పని చేసినవాళ్ళకి మనసు హాయిగా ఉంటుందని బళ్ళో చెప్పేవారు. మామ్మకి హాయిగా లేదు. మాట తప్పలేదు, అంతే.

చలికాలంలో ఒక పొద్దున్న బాబూజీ పోయాడని దీదీవాళ్ళ పక్కింటబ్బాయి కబురు తెచ్చాడు. లారీ ఆయన ఎక్కడో దారిలో ఉన్నాడు, సాయంత్రానికి గాని రాలేడు. ఆ ఇంట్లో మగవాళ్ళు లేరు. నాన్న దుప్పటి కప్పుకుని, నా భుజం పట్టుకుని నడుస్తూ వెళ్ళాడు. కట్టెలు మాట్లాడటం, నలుగురిని పిలవడం, కొడుకు వచ్చేదాకా శవం దగ్గర కూర్చోవడం, అన్నీ తనే చూసుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఒకరు, ఇంటి ఓనరు ఎవరు, ఏమీ గొడవ చెయ్యలేదా అని ఆయన్నే అడిగారు.

కర్మకాండ అయ్యాక వాళ్ళు ఎవరూ అడగకుండానే ఖాళీ చేశారు. దీదీ ఇల్లంతా కడిగి, తూర్పు గదికి తన చేతులతో సున్నం వేసి వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళారో కొన్నాళ్ళు తెలిసింది, తరవాత తెలియలేదు. మేము మా ఇంట్లోకి మారాం. మామ్మ ఆ గదిలోనే పడుకుంటానంది. బంధువులు శాంతి చేయించమన్నారు. మామ్మ వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించేసింది.

తరవాత్తరవాత, ఇల్లు కట్టుకుని అద్దెకివ్వబోయే సెక్టర్లవాళ్ళు నాన్న దగ్గరికి సలహాకి వచ్చేవారు. ఆయన అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పేవాడు. కాగితం రాసుకోండి, ఎంత మంచివాళ్ళైనా రాసుకోండి, అది ఇద్దరికీ మంచిది అనేవాడు. మీకు ఇల్లు ఎప్పుడు అవసరం పడుతుందో ముందే లెక్క చూసుకోండి, ఆ మాట దాచకుండా చెప్పండి, ఉండటానికి రెండో చోటు లేనప్పుడు ఉన్న ఒక్క ఇల్లూ ఎవరికీ ఇవ్వకండి అనేవాడు. ఇంట్లో ముసలివాళ్ళున్నారా అని అడగండి, వద్దనడానికి కాదు, రేపు ఏ కష్టం వస్తుందో తెలిసి తాళం ఇవ్వడానికి. అన్నిటికన్నా చివర, గొంతు తగ్గించి, ఏమైనా సరే నీళ్ళ మీదా కరెంటు మీదా చెయ్యి వెయ్యకండి అనేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

నాకు పెళ్ళయ్యాక ఒకసారి, ఆయన చూపు పూర్తిగా పోయిన రోజుల్లో, నాతో అన్నాడు. "ఆ ఫ్యూజు పీకినప్పుడు నా చెయ్యి వణకలేదే. నాకిప్పటికీ భయం అదే."

మామ్మ పోయింది, నాన్న పోయాడు. ఆ ఇల్లిప్పుడు నాది. పైన ఒక వాటా వేసి, కింది భాగం అద్దెకిస్తున్నాను. మొన్నీమధ్య ఒక జంట చూడటానికి వచ్చారు. గదులు నచ్చాయి, అన్నీ కుదిరాయి. అయినా ఆ అమ్మాయి మాటిమాటికీ గేటు వైపు చూస్తోంది. బయట ఆటో ఒకటి ఆగి ఉంది. ఎవరున్నారమ్మా అని అడిగితే, మా అత్తగారండీ, బయటే ఉంటానన్నారు అని తల దించుకుంది.

నేను భయపడలేదని చెప్పను. మావారికీ ఒంట్లో బాగుండటం లేదు, రేపు మాకే కింది ఇల్లు అవసరం పడవచ్చు. ఆ మాట వాళ్ళకి చెప్పేశాను. కాగితంలో రాసుకుందామన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పుడు చెప్పులేసుకుని ఆటో దగ్గరికి వెళ్ళాను. లోపల సన్నగా, నా చూపుకి అందకుండా మూలకి ఒదిగి, ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూడగానే నేరం ఒప్పుకున్నట్టు, "నాకు దగ్గొస్తూ ఉంటుందమ్మా" అంది.

"రండి, దిగండి" అని చెయ్యి అందించాను. "గది మీరు చూడకుండా ఎలా?"